ఐదో ఆల్టర్నేటర్

ఫిలింనగర్, హైదరాబాద్
12 జూన్ 2000

అన్నయ్యకి శేషారత్నం నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇటువైపు కుశలం లేదు. నీ చెవులు సరిగ్గా పనిచేస్తే ఫోన్లోనే అరిచి నా కోపం తీర్చుకునేదాన్ని. పోయినసారి నేను కారు గురించి అరుస్తుంటే నువ్వు వదిన మోకాళ్ళ నొప్పుల గురించి జవాబు చెప్పావు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను.

రెండో ఆల్టర్నేటర్ కూడా పోయింది. ఏప్రిల్లో నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడే కదా, మన ఫియట్‌కి పాత డైనమో సామాన్లు దొరకడం లేదని దాన్ని తీయించి, కరెంటు తయారుచెయ్యడానికి కొత్తరకం ఆల్టర్నేటర్ పెట్టించావు. "ఇక పదేళ్ళు దీని జోలికి పోనక్కర్లేదు చెల్లాయ్" అన్నావు. అది పన్నెండు రోజులుంది. మే నెలాఖరున రెండోది వేయించాను. నువ్వు చూపించిన పరీక్ష కూడా మర్చిపోలేదు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడమన్నావు కదా, ఇంజన్ ఆగకపోతే కరెంటు బాగా తయారవుతున్నట్టని? నా ఎదురుగా నిలబెట్టి డ్రైవర్ ఓదెలు చేత పీకించాను. ఇంజన్ ఆగలేదు. బ్రహ్మాండంగా ఉందనుకుని దిష్టి తీసి పంపించాను.

నిన్న జూబ్లీహిల్స్‌లో షూటింగ్. పాతకాలపు జమీందారు కథ. హీరో మన కారులో గేటులోంచి వచ్చి మెట్ల దగ్గర దిగాలి. కారు గేటులోనే ఆగిపోయింది. అతను మూడుసార్లు దిగాడు, మూడుసార్లూ గేటులోనే. డైరెక్టరు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, కథలో జమీందారు నడిచి రాడండీ" అన్నాడు. లైట్లు పట్టే వాళ్ళంతా వచ్చి తోశారు. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు కప్పుకుని కూర్చున్నాను.

మీ బావగారు ప్రొడక్షన్ మేనేజరుగా ముప్ఫై ఏళ్ళు ఊరందరికీ కార్లు పంపి, చివరికి నాకు మిగిల్చి పోయింది ఈ ఒక్క కారే. షూటింగులకి అద్దెకిచ్చుకుని నా మానాన నేను బతుకుతున్నాను. ఇంకోసారి ఆగితే వేరే కారు చూసుకుంటామన్నారు. మా అబ్బాయి రవిచంద్ర సంగతి తెలుసుగా, వాడికి మాధాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం వచ్చినప్పటినుంచీ కారు అమ్మెయ్యి, ఓదెల్ని పంపించెయ్యి అనే పాట తప్ప వేరే పాట లేదు. ఓదెలు పదహారేళ్ళుగా ఈ కారునే నమ్ముకున్నాడు. కారు లేకపోతే వాడికి పని లేదు. కాబట్టి నీ తెలివంతా ఖర్చుపెట్టి దీని రోగమేమిటో చెప్పు.

నీ చెల్లెలు,
శేషారత్నం

*

బెజవాడ
20 జూన్ 2000

చిరంజీవి శేషుకి అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపిస్తే ఆమె పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు. నలభై ఏళ్ళు వెధవ గ్రీజు పూసుకుని సంపాదించుకున్న పేరు నాది. షాపు మూసి పదమూడేళ్ళయినా డైనమో వెంకటరామయ్య అంటే బందరు నుంచి ఏలూరు దాకా తెలియని లారీ ఓనరు లేడు. నా చేత్తో దగ్గరుండి పెట్టించిన పార్టు పన్నెండు రోజుల్లో పోయిందంటే తప్పు ఎక్కడో వాడకంలో ఉంది.

ముందు బెల్టు చూడు. బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి, అంతకంటే దిగితే వదులు. తర్వాత ఇంజన్ నుంచి బాడీకి పోయే వైరు దగ్గర తుప్పు గీకించు. బ్యాటరీలో నీళ్ళు చూడు. ఓదెలు షూటింగ్ దగ్గర ఇంజన్ ఆపేసి, లైట్లు వేసుకుని, పాటలు వింటూ కూర్చుంటాడేమో అడుగు. వాడు అబద్ధం చెబితే చెవులు కదులుతాయి, నేను ఏప్రిల్లో గమనించాను.

ఇక నేను నేర్పిన పరీక్ష మాత్రం మానొద్దు. బిగించిన రోజు ఒక్కసారి సరిపోదు. ప్రతి సోమవారం చేయించు. వైరు పీకినా ఇంజన్ నడిచిందా, ఆ వారం నిశ్చింతగా పడుకోవచ్చు.

వదిన మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

అన్నయ్య

*

ఫిలింనగర్
9 జూలై 2000

అన్నయ్యకి,

మూడోది పోయింది. నమస్కారాలు తర్వాత.

బెల్టు నొక్కాం. తుప్పు గీకాం. నీళ్ళు పోశాం. ఓదెలు చెవులు కూడా చూశాను, కదల్లేదు. సోమవారం సోమవారం వైరు పీకించాను. రెండు సోమవారాలూ ఇంజన్ దర్జాగా నడిచింది. మొన్న గురువారం షూటింగు నుంచి తిరిగి వస్తూ ఎర్రగడ్డ మార్కెట్ దగ్గర, సరిగ్గా నాలుగు రోడ్లు కలిసే చోట, ప్రాణం విడిచింది. నేను వెనక సీట్లో ఉన్నాను. ముందు బస్సు, వెనక బస్సు, పక్కన టమాటాల బండి. పోలీసాయన కిటికీలోంచి తల పెట్టి, "ఏందమ్మా గిది, మ్యూజియంకి తోలుకపోతున్నరా?" అన్నాడు. ఓదెలు దిగి, "జర ఆగుండ్రి సారూ, పెద్దమ్మ ఉన్నది లోపల" అని ఆయన్ని బతిమాలుకుని, ఒక్కడే స్టీరింగు పట్టుకుని తోసుకుంటూ పక్కకి తీశాడు. యాభై ఏళ్ళ మనిషి. చొక్కా పిండితే నీళ్ళు కారాయి.

కారు అక్కడే ఒక కరెంటు మిస్త్రీ షాపు ముందు పెట్టాం. నన్ను ఆటో ఎక్కించి వాడు మిస్త్రీతో చాలాసేపు మాట్లాడి వచ్చాడట. ఇంటికొచ్చాక ఏదో చెప్పబోయాడు. నేనసలే మండిపోయి ఉన్నాను, నోరు మూయించాను. ఏం చెప్పబోయాడో నీకు రాయను. రాస్తే నువ్వు నొచ్చుకుంటావు. వదిలెయ్.

రవి ఏమంటున్నాడో మాత్రం రాస్తాను. "అమ్మా, ఒకే పార్టు మూడుసార్లు పోతే అది పార్టు తప్పు కాదు, మనిషి తప్పు" అంటున్నాడు. వాడి ఆఫీసులో అలాగే లెక్క తీస్తారట. నాకు వాణ్ణీ తిట్టాలని ఉంది, నిన్నూ తిట్టాలని ఉంది. ఇంకో పది రోజుల్లో మళ్ళీ షూటింగ్.

శేషు

*

బెజవాడ
18 జూలై 2000

చిరంజీవి శేషుకి,

రవిచంద్ర చెప్పింది నిజం. నాకు తట్టనందుకు సిగ్గుగా ఉంది. బుర్ర ఉన్న కుర్రాడు.

ఇలాంటి వేషాలు నా సర్వీసులో ఎన్నో చూశాను. కొత్త పార్టు ఓనరు చేత కొనిపిస్తారు. నాలుగు రోజులు కాగానే దాన్ని విప్పి అమ్ముకుని, అలాంటిదే చచ్చిన పాత పార్టు దాని స్థానంలో బిగిస్తారు. బండి ఆగుతుంది. ఓనరు మళ్ళీ కొంటాడు. ఓదెలు మంచివాడే కావచ్చు. మంచివాళ్ళకీ ఇంట్లో అవసరాలుంటాయి. ఆ ఎర్రగడ్డ మిస్త్రీతో అంతసేపు ఏం మాట్లాడాడో ఆలోచించు.

నాలుగోది కొన్నాక ఎవరికీ చెప్పకుండా దాని వెనకవైపు చిన్న గుర్తు పెట్టు. మళ్ళీ చచ్చినప్పుడు గుర్తు ఉందో లేదో చూడు. గుర్తు లేదా, దొంగ దొరికినట్టే.

సోమవారం పరీక్ష మానొద్దు.

అన్నయ్య

*

ఫిలింనగర్
14 ఆగస్టు 2000

అన్నయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. కోడలు ప్రణతి గోళ్ళరంగు తీసుకుని నాలుగోదాని వెనక పెసరగింజంత చుక్క పెట్టాను. శుక్రవారం అది చచ్చింది. మన ఫిలింనగర్ షెడ్డులో విప్పిన పార్టు తెప్పించి కళ్ళజోడు పెట్టుకుని చూశాను. చుక్క లేదు.

ఓదెల్ని పంపించేశాను.

అంతే రాసి ఊరుకుందామనుకున్నాను కానీ నాకు నిద్ర పట్టడం లేదు, నువ్వూ చదువు. నేను వాణ్ణి పిలిపించే సమయానికి వాడు తన కూతురు వందనని తీసుకుని గుమ్మంలోనే ఉన్నాడు. ఆ పిల్లకి ఇంజనీరింగులో సీటొచ్చిందట, కంప్యూటర్స్‌లో. స్వీట్ల డబ్బా పట్టుకుని నా కాళ్ళకి దణ్ణం పెట్టడానికి వచ్చింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. నేను వాణ్ణి చూస్తూనే, "ఎన్ని అమ్ముకున్నావు రా? మూడా, నాలుగూనా?" అన్నాను. వాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూతురి వైపు చూశాడు.

"గట్లనకుండ్రి అమ్మా. నా బిడ్డ ముంగట గట్లనకుండ్రి" అన్నాడు.

నేను ఆగలేదు. అన్నీ అన్నాను. వాడు వాదించలేదు. లోపలికెళ్ళి తాళంచెవి గోడకున్న మేకుకి తగిలించి, పిల్లని తీసుకుని వెళ్ళిపోయాడు. దొంగ కాకపోతే వాదించడా? నువ్వే చెప్పు. రవి కూడా అదే అంటున్నాడు.

ఐదోది వేయించాలి. కొత్త డ్రైవర్ రేపు వస్తాడు. నేను చేసింది సరైనదేనని రెండు ముక్కలు రాయి.

శేషు

*

బెజవాడ
30 ఆగస్టు 2000

చిరంజీవి శేషుకి,

ఆలస్యమైంది. జ్వరం.

ఐదోది వేయించాక ఇక ఆ సోమవారం పరీక్ష అక్కర్లేదు. బిగించిన రోజు కూడా చేయించకు. ఇంజన్ నడుస్తుండగా ఎవరినీ బ్యాటరీ వైరు ముట్టనివ్వకు. కొత్త డ్రైవర్‌కి అలవాటు ఉండదు, నిప్పురవ్వ లేస్తే ఎవరికైనా చెయ్యి కాలుతుంది. అందుకని.

మిగతా విషయాలు తర్వాత.

అన్నయ్య

*

ఫిలింనగర్
25 సెప్టెంబర్ 2000

అన్నయ్యకి నమస్కారాలు.

ఈసారి తీరిగ్గా రాస్తున్నాను. నీ ఉత్తరం అందాకే ఐదోది వేయించాను. ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు, చెక్కుచెదరలేదు. వాన పాట తీశారు, రోజంతా లైట్లు, వైపర్లు వేసి తిప్పారు. ఒక్కసారి కూడా ఆగలేదు. డైరెక్టరు బానెట్ తట్టి మెచ్చుకున్నాడు. కొత్త డ్రైవర్ ఉత్త మొద్దు, ఎడమకి తిప్పమంటే ఆలోచిస్తాడు. వాడి చేతిలో కూడా కారు గుర్రంలా పోతోంది.

ఇంకేం కావాలి అన్నయ్యా సాక్ష్యం? ఓదెలు వెళ్ళాడు, కారు బాగుపడింది. రవి విజయగర్వంతో తిరుగుతున్నాడు. నాకు కూడా మనసులో ఉన్న ముల్లు పోయింది. పిల్ల ముందు అన్నానే అని బాధపడుతూ వచ్చాను. ఇక పడను. మొన్న నలుగురు ప్రొడక్షన్ మేనేజర్లు కలిస్తే అందరికీ చెప్పాను, బోరబండ ఓదెల్ని పెట్టుకోకండి అని. వాడు రెండు కంపెనీల్లో పనికి అడిగాడట, వెళ్ళగొట్టారట. ఫిలింనగర్లో ఇక వాడికి స్టీరింగు దొరకదు.

నీ గుర్తు ఉపాయం లేకపోతే ఇంకా పాలుపోసి పెంచుతూ ఉండేదాన్ని. వదిన మోకాళ్ళకి ఆయుర్వేదం నూనె పంపుతున్నాను.

శేషు

*

బెజవాడ
3 అక్టోబర్ 2000

శేషూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. రవిని పిలిచి వాడికీ వినిపించు.

ఓదెలు దొంగ కాదు. నీ నాలుగు ఆల్టర్నేటర్లనీ చంపింది నేను.

నీ ఆగస్టు ఉత్తరం వచ్చిన మర్నాడు ఆటోనగర్ వెళ్ళాను. నా దగ్గర పని నేర్చుకున్న వెంకటేశ్వరరావుకి ఇప్పుడక్కడ పెద్ద షాపుంది. నీ కారు కథ గొప్పగా చెబుతూ మధ్యలో వైరు పీకే పరీక్ష సంగతి కూడా చెప్పాను. వాడు నవ్వాడు. నేను తమాషాకి అంటున్నాననుకున్నాడు. కాదని తెలిశాక కుర్చీ తెచ్చి వేసి, "గురువుగారూ, అది డైనమోకండీ. ఆల్టర్నేటర్‌కి ఎప్పుడూ చెయ్యకూడదండీ" అన్నాడు.

తయారైన కరెంటుని పట్టుకుని ఉంచేది బ్యాటరీ. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని విడదీస్తే ఆ కరెంటు పోయే దారి లేక ఒక్కసారి ఎగదన్నుతుంది. డైనమో మొండిది, తట్టుకుంటుంది. ఆల్టర్నేటర్ లోపల చిన్న చిన్న డయోడ్లుంటాయి, అవి కాలిపోతాయి. కొన్ని మొదటిసారికే పోతాయి, మిగతావి పీకిన కొద్దీ పోతాయి. తమాషా ఏమిటంటే ఇంజన్ అప్పుడు ఆగదు. పరీక్ష నెగ్గినట్టే కనిపిస్తుంది. తర్వాత ఉన్న బ్యాటరీ మీద నాలుగు రోజులు ఈడ్చి నడిరోడ్డు మీద ఆగుతుంది. నువ్వు నా మాట ఎంత బాగా వింటే అంత తొందరగా పోయాయి.

ఇదంతా నాకు ఆగస్టులోనే తెలుసు. నాకు జ్వరం రాలేదు. పది రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నలభై ఏళ్ళు డైనమో వెంకటరామయ్య అనిపించుకున్నవాడికి ఆల్టర్నేటర్ సంగతి తెలియదని చెల్లెలికి రాయడానికి చెయ్యి రాలేదు. పరీక్ష ఆపిస్తే చాలు, కారు నడుస్తుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. ఓదెలు సంగతి నాకు గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. ఆ మనిషికి ఇంకెక్కడైనా పని దొరుకుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు నీ ఉత్తరం చూశాక తెలిసింది, నేను పరీక్ష ఆపించడమే వాడి మీద సాక్ష్యమైంది. మీ వదినకి చెప్పాను. ఆమె నాతో మాట్లాడ్డం లేదు.

నన్నెంత తిట్టినా పడతాను. ముందు ఓదెలు దగ్గరికి వెళ్ళు.

వెంకటరామయ్య

*

ఫిలింనగర్
12 అక్టోబర్ 2000

అన్నయ్యకి,

తిట్టడానికి మూడు కాగితాలు పాడుచేశాను. చివరికి చించేశాను, ఎందుకంటే నా తప్పు కూడా రాయాల్సి ఉంది.

ఎర్రగడ్డలో ఆగిన రోజు ఓదెలు ఏం చెప్పబోయాడో నీకు రాయనన్నాను, గుర్తుందా? "అమ్మా, మిస్త్రీ చెప్పిండు, గా వైరు పీకుడుతోనే ఖరాబైతున్నదట. ఇగ పీకొద్దట" అన్నాడు. నేను, "మా అన్నయ్య నలభై ఏళ్ళ సర్వీసు. ఆయనకి నువ్వు నేర్పుతావా?" అన్నాను. నువ్వు నొచ్చుకుంటావని ఆ ముక్క దాచాను. నువ్వు నీ పేరు దాచుకున్నావు. ఇద్దరం కలిసి వాడి పేరు తీశాం.

గోళ్ళరంగు సంగతీ ఇప్పుడు అడిగాను. షెడ్డువాడు, "విప్పే ముందు థిన్నరుతో కడుగుతామండీ, ఏ చుక్కైనా పోతుంది" అన్నాడు. అడిగితే ఆ రోజే చెప్పేవాడు. నేను అడగలేదు.

బోరబండ వెళ్ళాను. ఆటో ఆ ఎత్తు ఎక్కలేక కిందే దింపేసింది. ఆయాసపడుతూ నడిచాను. ఓదెలు భార్య భూలక్ష్మి మంచినీళ్ళిచ్చింది, కూర్చోమనలేదు. వాడిప్పుడు మాధాపూర్ ఆఫీసులకి ఉద్యోగుల్ని తీసుకెళ్ళే సుమో నడుపుతున్నాడట. రవి ఆఫీసు పక్కదే. నిలబడే చెప్పాను, తప్పు నాది, మా అన్నయ్యది అని. వాడు తల దించుకుని, "నాకు చెప్పుడెందుకమ్మా, నాకు తెల్సు గదా. వందనకు చెప్పుండ్రి" అన్నాడు. ఆ పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. అరవై ఏళ్ళదాన్ని, ఆ పిల్ల ముందు నిలబడి, మీ నాన్న నా ఇంట్లో ఒక్క మేకు కూడా ముట్టలేదమ్మా అని చెప్పి ఏడ్చాను. అప్పుడు లేచి కుర్చీ వేసింది.

నలుగురు మేనేజర్లకీ ఫోన్ చేసి నేనే అబద్ధం చెప్పానని చెప్పాను. ఇద్దరు నవ్వారు. పని చెయ్యడానికి తిరిగి రమ్మని ఓదెల్ని అడిగాను. ఆలోచించి చెబుతానన్నాడు. నువ్వు వాడికి విడిగా రాయి. నాకు రాసినట్టు లెక్చరు వద్దు, తప్పు నాది అని రాయి. అడ్రసు వెనక ఉంది.

శేషారత్నం

*

బోరబండ, హైదరాబాద్
5 నవంబర్ 2000

వెంకటరామయ్య సారుకు నమస్కారాలు. నేను ఓదెలు కూతురు వందనను. బాపు చెబుతుంటే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మాట మారిస్తే ఒప్పుకోనన్నాడు.

సారూ, మీ ఉత్తరం అందింది. వందన చదివింది, భూలక్ష్మి ఇన్నది. పక్కింటోళ్ళను పిల్చి మల్లొక్కసారి చదివిపిచ్చిన. తప్పు నాది, ఓదెలుది గాదు అని మీ చేత్తోని రాసిండ్రు గదా, గది నలుగురు ఇనాలె. మీరు రైలెక్కి వచ్చి మాఫీ అడుగుతనని రాసిండ్రు. వద్దు సారూ, మీరు పెద్దోళ్ళు. ఊకెనే రాండ్రి, చాయ తాగి పోదురు.

అమ్మ మల్ల నౌకరికి రమ్మన్నది. రానని చెప్పిన. కోపం లేదు. అమ్మ గీ గుట్ట ఎక్కి వచ్చినప్పుడే కోపం పోయింది. కాని ఆ ఇంట్ల మేకుకు తాళంచెవి తగిలిచ్చి వచ్చిన చెయ్యి మల్ల దాన్ని తీసుకోనంటున్నది.

ఒక్క మాట చెప్పాలె. మీరు తప్పంత మీ మీదనే ఏసుకున్నరు, గది సరి గాదు. మూడోది పోయినంక మిస్త్రీ నాకు సమజ్ చేసి చెప్పిండు. నేను అమ్మకు చెప్పిన. అమ్మ కోపం జేసింది, నోరు మూసుకున్న. నాలుగోది బిగిచ్చినంక గా వైరు పీకితె ఖరాబైతదని నాకు తెల్సు. తెల్సే పీకిన సారూ, నా చేత్తోని. మూడు సోమవారాలు పీకిన. అమ్మ చూస్తుండె. చెప్పింది ఇనుడే నౌకరి అనుకున్న.

ఇప్పుడు సుమో నడుపుతున్న. మొన్న బ్రేకులు సరిగ్గ పడుతలేవని చెప్తె, మా సూపర్‌వైజరు ఏం గాదు పోనియ్ అన్నడు. వద్దన్న. మల్ల పోనియ్ అన్నడు. మల్ల వద్దన్న, బండి ఆడనే పెట్టి కూసున్న. నౌకరి ఊడుతదనుకున్న, ఊడలే. బ్రేకులు బాగు చేపిచ్చిండ్రు.

అమ్మకు గూడ గట్లనే రెండోసారి చెప్పి ఉంటె, నేను ఇయ్యాల ఫియటే నడుపుకుంట ఉందును.

ఓదెలు